ఎర్రబడిన పాలపొడి

ఆదినారాయణ ములుగర్ర దెబ్బకు కాంపౌండరు సీమోను మిషను ఆసుపత్రి గడపలోనే బోర్లాపడ్డాడు. లేవబోయేలోపే వీపున ఇంకోటి పడింది.

"తల్లిలేని బిడ్డరా వాడు," అన్నాడు ఆదినారాయణ పళ్లు కొరుకుతూ. "మార్కాపురం దాకా నడిచొచ్చి నీకాడ పాలపొడి తీసకపోతే, మట్టి కలిపిస్తావా?"

చేతిలోని డబ్బా విసిరికొట్టాడు. మూత ఊడి పొడి నేలంతా పరుచుకుంది. బెల్లం రంగులో ఉంది.

భార్య కాన్పులో పోయినప్పటినుంచి పసివాడిని ఈ పొడే బతికిస్తోంది. యుద్ధం రోజులు, పైగా కరువు. ఊళ్లో పాడి ఎప్పుడో వట్టిపోయింది. కొన్నాళ్లుగా వాడు తాగిందంతా కక్కేస్తున్నాడు. ఏడ్చే ఓపిక కూడా పోయింది. వీడు కూడా పోతే తానెవరికోసం బతకాలి? ఆ భయమే ఆదినారాయణ చేత కర్ర పట్టించింది.

సీమోను నోటి రక్తం తుడుచుకున్నాడు. "మట్టి కాదన్నా. దొరల సీమలో మర పెట్టి, పాలను తుంపరగా వేడిగాలిలోకి కొట్టి పొడి చేస్తారంట. వేడి మించితే పాలలో ఉండే తీపి మాడి ఇట్ల ఎర్రబడతాదని మా ఆసుపత్రి దొరసాని చెప్పింది. నేనిచ్చినప్పుడు తెల్లగనే ఉండె."

"అయితే ఆ మర మా ఇంట్లో ఉందంటావా?"

సీమోను పాక్కుంటూ పోయి బీరువాలోంచి కొత్త డబ్బా తీసి మూత తెరిచాడు. పొడి సున్నంలా తెల్లగా ఉంది.

"చూడన్నా. నీకిచ్చింది ఈ సరుకే."

తన నిజాయితీకి అదే రుజువనుకున్నాడు పాపం. ఆదినారాయణ కంటికి అది దొంగసొత్తులా కనబడింది.

"తెల్లది దాచుకుని ఎర్రది మాకా?"

సీమోనును వెనక్కి ఈడ్చి, కుడిచేతిని గడపకేసి అదిమిపట్టి కర్ర దించాడు. ఎముక విరిగిన చప్పుడు వరండాలో రోగులందరికీ వినబడింది. ఒక్కరూ అడ్డం రాలేదు. సీమోను భార్య మార్తమ్మ వచ్చి కాళ్లు పట్టుకుంటే ఆమెను తోసేసి, తెల్లపొడి డబ్బా చంకన పెట్టుకుని ఊరిదారి పట్టాడు.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు. తల్లి నరసమ్మ బిడ్డను భుజాన వేసుకుని ఎదురొచ్చింది.

"ఇంక భయంలేదమ్మా. ఆ దొంగ చెయ్యి ఇరగ్గొట్టి వచ్చినా," అంటూ డబ్బా ఆమె చేతికిచ్చాడు. "ఇవి మంచి పాలు. చెడిపోకుండ చూసుకో."

"నాకు చెప్పాల్నా నాయనా," అందామె.

పాలు కదా, వేడిమీద ఉంటే చెడిపోవని, నరసమ్మ ఆ డబ్బాను ఎప్పటిలాగే దాలిలో పిడకల నిప్పుల మీద పెట్టింది.