గరుసు దాకా

తుంగభద్ర మా ఊరి దగ్గర వంకర తిరిగిందంటే, నేను కొట్టిన గుంజకు దడిసే తిరిగింది.

ఒకే ఒక్క దెబ్బ. ఆ చప్పుడుకు అవతలి ఒడ్డున నైజాం కోడిపుంజులు మిట్టమధ్యాహ్నం కూశాయి.

యాభై నాలుగు వేసవి అది. మా రేవులో కొత్త కట్ట వేస్తున్నాము. పాతది కుళ్ళి కూలి చాలా ఏళ్ళయింది. తోలు పుట్టిలో ఏరు దాటి వచ్చినవాళ్ళు మోకాటి లోతు బురదలో దిగి ఒడ్డెక్కాల్సిందే. అందుకని తుమ్మ గుంజలు ఏట్లో దించి, వాటిమీద పలకలు పరిచి, ఒడ్డు నుంచి లోతు నీళ్ళ దాకా బాట వేయాలనుకున్నాము.

మేస్త్రీ సుంకన్న. చుట్టుపక్కల పది ఊళ్ళ బావులు ఆయన తవ్వినవే.

ఆయనకు తొందర ఎక్కువ. కూతురు ఈరమ్మను ఏటి అవతల ఇచ్చాడు. ఆమెకు అయిదో నెల. శ్రావణంలో కానుపుకు పుట్టింటికి రావాలి.

"నా బిడ్డ బురదలో కాలు పెట్టగూడదప్పా. పలకల మీద నడిచి రావల్ల" అనేవాడు.

మూడు కాళ్ళ కొయ్యకు కప్పీ కట్టాము. తాడు లాగి ఇనుప దిమ్మెను పైకెత్తడం, గుంజ నెత్తిన వదలడం. మొదటి గుంజ రెండు నిలువులు దిగి ఆగింది.

"గరుసు తగిలింది. చాలు!" అన్నాడు సుంకన్న. గరుసంటే గులకరాళ్ళు కలిసిన గట్టి నేల.

అప్పుడే ఎవరో ముసలాయన, చంకలో మూటతో, నీళ్ళలో నడుచుకుంటూ వచ్చాడు. గుంజకు చెవి ఆనించాడు.

"ఇంకోసారి కొట్టండప్పా."

కొట్టాము.

"ఇది ఆగల్యా. ఇంకా దిగల్ల. ఇంకో రెండు నిలువులు పోతే బండ ఉంటాది."

తాడు లాగుతున్న అయ్యన్నకు వేళాకోళం ఎక్కువ.

"ఎవరప్పా నువ్వు? ఇంజనీరా?"

"కాదు."

"కంట్రాక్టరా?"

"కాదు."

"కూలి పని కావల్నా?"

"వద్దు."

"మరి ఇంత ఎండలో నడిచొచ్చింది ఈ మాట చెప్పేదానికేనా?"

"ఊ. దానికే."

అందరం నవ్వాము. ఆయన నవ్వలేదు.

"బండ తగిలితే దిమ్మె ఎగురుతాది. ఇది ఎగరల్యా" అన్నాడు మళ్ళీ.

సుంకన్నకు రోషం వచ్చింది. "యాభై బావులు తవ్వినోణ్ణి నేను. గరుసు వచ్చిందంటే ఇంక గోడ కూలదు. నువ్వు నాకు చెప్తావా?"

"బావిలో నీళ్ళు నిలబడి ఉంటాయి నాయనా. ఏరు అట్ల కాదు, తవ్వుతాది. వరదకు ఈ గరుసంతా లేచిపోతాది. కట్ట పడిపోతాది."

తాడు మీద చేతులన్నీ ఆగిపోయాయి.

పని జరిగేచోట 'పడిపోతుంది' అన్న మాట మా వైపు ఎవరూ అనరు. బావి తవ్వేటప్పుడు అస్సలు అనరు. భూమి వింటుందని భయం.

"నా బిడ్డ నడిచే కట్టను పట్టుకుని ఏం మాటంటాండావు!"

సుంకన్న ఆయన చంకలో మూట లాగి ఒడ్డుకు విసిరేశాడు.

ముసలాయన చెదిరిన బట్టలు ఏరుకుని మూట కట్టుకున్నాడు. వెళ్ళలేదు. పొద్దుగూకేదాకా ఇసుకలో కూర్చుని, దిగిన ప్రతి గుంజకూ "ఇంకొంచెం కొట్టండి నాయనా" అంటూనే ఉన్నాడు. మేము ప్రతి గుంజనూ గరుసు దాకానే కొట్టాము. మరుసటి రోజు ఆయన రాలేదు.

అన్నట్టు, గుంజ నేను కొట్టానన్నాను కదా. కొట్టింది పన్నెండు మంది. నేను పక్కన నిలబడి "ఐలెస్సా" అనేవాణ్ణి. గొంతు బాగుండి కాదు, తాడు లాగలేక. ఏటి వంకర సంగతంటారా, అది మా తాత పుట్టకముందు నుంచీ అట్లాగే ఉంది. కోళ్ళ గురించి నాకు తెలియదు.

శ్రావణం వచ్చింది. ఏరు ఎరుపెక్కింది. నీళ్ళు ఇంకా పెరగకముందే బిడ్డను తెచ్చుకోవాలని సుంకన్న పుట్టి పంపాడు.

ఈరమ్మ పుట్టిలోంచి పలకల మీదికి ఎక్కింది. ఇవతలి కొసన సుంకన్న చేయి చాచి నిలబడ్డాడు.

"మెల్లగా రామ్మా. బురద ల్యా, ఏమీ ల్యా" అన్నాడు.

నాలుగు అడుగులు వేసిందో లేదో, గుంజలు పాలపళ్ళు ఊడినట్టు ఒకదాని వెంట ఒకటి ఊడిపోయాయి.

పుట్టివాడు ఆమెను జుట్టు పట్టి లాగాడు. ఈరమ్మ బతికింది. కడుపులోది దక్కలేదు.

మూడు రోజులు సుంకన్న మంచం దిగలేదు. నాలుగో రోజు లేచాడు.

"ఆ ముసలాయప్ప యాడున్నా ఎతకల్ల."

అయిదుగురం బయలుదేరాము. కొత్త పంచె ఒకటి, టెంకాయ, ఆకూ వక్కా తీసుకున్నాము. ఏటి వెంబడే పైకి నడిచాము. దారిలో ప్రతి రేవులోనూ ఆయన్ను ఎరుగుదురు. ఎక్కడ గుంజలు దించుతున్నారని తెలిసినా అక్కడికి వచ్చేవాడట. ఆ ఒక్క మాటే చెప్పేవాడట. పెడితే తినేవాడట, తిడితే పడేవాడట.

నాలుగో రేవులో పుట్టి తోలే రంగన్న మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"గుంజల కాడికొచ్చే ముసలి శాంతయ్య కోసమా? మొన్న అమావాస్యకు మట్టిజేసినాము. జొరమొచ్చి పోయినాడు."



"మా కట్ట పడిపోతాదని ఆయప్పకు ముందే ఎట్ల తెలిసింది?" అని అడిగాడు సుంకన్న.

"తెలీకేమి? ఈడుండిన కట్ట ఆయప్ప కొట్టిందే. గరుసు తగిలినాక చాలనుకున్యాడు. ఆ యేడు వరదకు అది కూలినప్పుడు, దానిమీద ఉండింది ఆయప్ప ఒక్కగానొక్క కూతురే."

సుంకన్న అక్కడే ఇసుకలో కూలబడ్డాడు. రంగన్న మంచినీళ్ళు తెచ్చిచ్చినా పట్టుకోలేదు.

మిగిలినదంతా జరిగిందే. పంచె, టెంకాయ, ఆకూ వక్కా మాత్రం నేను కల్పించినవి. ఆయన పాడునోటి వల్లే కట్ట కూలిందనుకుని పోయాము మేము. అయిదుగురి చేతుల్లోనూ ఉన్నవి కర్రలు.