ఎదురుగాలి

మెకానిక్ సైకిల్ ఎత్తి వెనక చక్రాన్ని తిప్పాడు. అది అర చుట్టు తిరిగి ఆగిపోయింది.

"నెల రోజులుగా ఎదురుగాలి అంటున్నారు కదా సార్. గాలి కాదు, బ్రేకు రబ్బరు చక్రాన్ని పట్టేసుకుంది. ఎవరు బిగించారు?"

"నేనే," అన్నాడు గుమాస్తా. సిగ్గుపడాల్సింది పోయి అతని మొహం చేటంత అయింది. సైకిల్‌కి రెండు క్యాన్లు కట్టుకున్న ముసలి పాలాయన రోజూ తనని దాటిపోతున్నాడంటే, తప్పు తన కాళ్ళది కాదన్నమాట. ఈ సంగతి ముందు ఇంట్లో ఆవిడకి చెప్పాలి.

మెకానిక్ రబ్బరు వదులు చేశాడు. "ఒక రౌండు వేసి రండి సార్."

వీధి మలుపు దాకా సైకిల్ హాయిగా సాగింది. అక్కడ వెనక బెల్లు మోగింది. పాలాయన కూనిరాగం తీస్తూ పక్కకొచ్చి, "ఇవాళ కూడా ఎదురుగాలేనా బాబూ?" అని జాలిగా అడిగి దాటిపోయాడు. చెట్ల మీద ఆకు కూడా కదలడం లేదు.

గుమాస్తా రొప్పుతూ తిరిగొచ్చాడు.

"ఎలా ఉంది సార్?"

"బ్రహ్మాండంగా ఉందయ్యా." గొంతు తగ్గించాడు. "ఆ రబ్బరు మళ్ళీ ఎప్పటిలాగే బిగించెయ్."

"అదేంటి సార్?"

"మరి ఇంట్లో ఆవిడకి ఏమని చెప్పుకోను?"