బండ మీద నాచు

"అమ్మా, కేసు మూసేశారట!"

ఫోను ఇంకా చెవి దగ్గరుండగానే అతను వరండాలోంచి అరిచాడు.

అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. "అమ్మయ్య! ఎనిమిది నెలలకి ఇవాళ ముద్ద దిగుతుందిరా!" కోడలి గడ్డం పట్టుకున్నారు. "ఊరంతా వేలెత్తి చూపినా, అప్పట్లో మన నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టే పనికొచ్చిన దానివి, వీడి చెయ్యి వదల్లేదు. బంగారు తల్లివే!"

కొత్త కోడలు టీ కప్పు ఆవిడ చేతికి అందించింది.

ఎనిమిది నెలల కిందట అతనితో నిశ్చితార్థమైన అమ్మాయి ఈ నర్సరీకి వచ్చింది. తిరిగి ఇల్లు చేరలేదు. పోలీసులు మడులన్నీ తవ్వారు. వెనక పాత ఎరువుగుంట మీది బండను మాత్రం ముట్టలేదు. గడ్డపార వేస్తే ఒక్క మనిషి జరపగల బండే. కానీ దాని మీద నాచు బొంతలా పరుచుకుని ఉంది.

"ఇంత నాచు పట్టాలంటే ఏళ్ళు కావాలి. దీన్నెవరూ కదపలేదు" అని రాసుకుపోయాడు ఇన్‌స్పెక్టరు.

కొత్త కోడలు బోటనీ చదివింది. నాచుకు అసలైన వేళ్ళుండవు. వెంట్రుకల్లాంటి పోగులతో రాతిని కరుచుకుంటుంది. కరుచుకుందా, గోళ్ళు విరగాల్సిందే కానీ ఊడిరాదు.

ఇంట్లో సందడిగా ఉన్నప్పుడు ఆమె ఎరువుగుంట వైపు నడిచింది. బండ పక్కన గొంతుక్కూర్చుని నాచు అంచు పట్టి లాగింది.

దుప్పటిలా లేచి వచ్చేసింది. కింద రాయి నున్నగా ఉంది. ఒక్క పోగూ పట్టలేదు.



"ఇక్కడేం చేస్తున్నావ్?"

వెనక అతను.

"ఏం... ఏం లేదండీ."

"మొహంలో నెత్తురు చుక్క లేదు. నేనంటే భయమా ఏమిటి?" నవ్వుతూ దగ్గరికొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. బరువైన చెయ్యి. "కేసు ఎలాగూ పోయింది. ఇంక నీ దగ్గర దాచడమెందుకులే, చెప్పేస్తాను."

ఆమె నాచు అంచు వదల్లేదు.

"కలువల కొలను కావాలని ముచ్చటపడ్డావు కదా? ఈ గొడవ తేలాలనే ఆగాను. రేపు పొద్దున్నే పనివాళ్ళొస్తున్నారు. ఈ బండ తీసేసి, సరిగ్గా ఇక్కడే తవ్విస్తున్నా!"

ఎనిమిది నెలల కిందట, పుల్లమజ్జిగ పూసి తను ఆ నాచును బండకు అతికించిన రోజున అదిమినట్టే, ఆమె ఇప్పుడూ దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుంది.