అందరికీ ఒకటే హద్దు

“పడవ ఇచ్చారు వాడికి. రాసుకోండి, పడవ,” అన్నాడు మెర్వ్ టలక్, వంటింటి బల్ల మీద అరచేత్తో చరిచి.

ఎదురుగా కూర్చున్న జాకీ వెల్ష్ రాసుకోలేదు. ఆమె రగ్బీ లీగ్ ఆఫీసులో తనిఖీ అధికారి. ఏ క్లబ్బయినా ఆటగాళ్ళందరికీ కలిపి ఇంతకు మించి ఇవ్వకూడదని లీగ్ గీసిన హద్దు ఒకటుంది. దాన్ని దాటినవాళ్ళను పట్టుకోవడం ఆమె పని. అందుకే ఆదివారం పొద్దున్నే సిడ్నీ నడిబొడ్డు నుంచి గంటన్నర కారు నడుపుకుంటూ ఈ పడమటి శివారుకు వచ్చింది.

“నేనొక ఉత్తరం విషయమై వచ్చాను, మిస్టర్ టలక్.”

“మెర్వ్ అనండి చాలు. మూడు వారాలకి లేచిందన్నమాట మీ ఆఫీసు.”

మెర్వ్ కుర్రానా క్లబ్బు కార్యదర్శి. పదకొండేళ్ళుగా కుర్రానాకు ఫైనల్స్ మొహం తెలీదు. నిన్నటితో లీగ్ ఆటలన్నీ ముగిసి, ఫైనల్స్‌కి వెళ్ళే ఎనిమిది చోట్లలో ఆఖరిది రెండే రెండు పాయింట్ల తేడాతో వీళ్ళకు దక్కింది. వచ్చే శనివారం హార్బర్ క్లబ్బుతో పోటీ. ఆ డబ్బున్న క్లబ్బు మీదే మెర్వ్ ఫిర్యాదు రాశాడు.

పొయ్యి దగ్గర అతని భార్య నోలీన్ మోకాలికి పట్టీ చుట్టుకుని గుడ్లు వేయిస్తోంది. ఇటు తిరగలేదు.

“హద్దు పెట్టిందే మీలాంటి చిన్న క్లబ్బుల కోసం కదా,” అంది జాకీ. “అది లేకపోతే పెద్ద క్లబ్బులు నాలుగూ మంచివాళ్ళందర్నీ కొనేసేవి. మీరు ఎనిమిదో చోటుకి వచ్చారంటే దాని చలవే.”

“చలవా? మేం పెంచిన కుర్రాళ్ళు ముగ్గురు హార్బర్‌కి పోయారు. కాగితం మీద జీతం మేమిచ్చిందే. కాగితం వెనకాల ఒకడికి పడవ, ఒకడి పెళ్ళానికి ఉద్యోగం, ఒకడి మామకి పబ్బు. మీ హద్దు ముళ్ళకంచెలాంటిది. మేకని ఆపుతుంది. ఎద్దు తొక్కుకుంటూ పోతుంది.”

“మరి మీ ఫెలెటి ఎందుకు పోలేదు?”

మెర్వ్ మొహం అప్పటికి కాస్త విచ్చుకుంది. ఫెలెటి టోంగా దీవుల వాళ్ళబ్బాయి, నూట ఇరవై కిలోల మనిషి. ముందు వరసలో అతను నిలబడితే అవతలి జట్టు కదల్లేదు.

“వాణ్ణి మేం డబ్బుతో కట్టెయ్యలేదు. రెండేళ్ళ నుంచి మా పెరట్లో గది వాడిదే. సొంత పిల్లాణ్ణి అద్దె అడుగుతామా? మాంసం కొట్టు బార్నీ శుక్రవారం శుక్రవారం క్లబ్బులో పళ్ళెం నిండా మాంసం బహుమతిగా పెట్టి లాటరీ తీస్తాడు. ప్రతి వారం ఫెలెటి నంబరే తగులుతుంది. అదేం అదృష్టమో. కారు చెడితే గ్యారేజీ వాడు సెంటు ముట్టడు.”

“భోజనం?”

“ఇక్కడే. పొద్దున్నే పన్నెండు గుడ్లు లాగిస్తాడు. ఊరంతా కలిసి సాకుతున్నాం వాణ్ణి. హార్బర్ వాళ్ళు చెయ్యగలరా ఆ పని?”

జాకీ కలం తీసి గబగబా రాసింది. హమ్మయ్య, ఇప్పటికి చెవికెక్కింది అనుకున్నాడు మెర్వ్.

ఫెలెటి తల వంచుకుని గుమ్మం దాటి వచ్చాడు. పళ్ళెం అందుకుని, “ఆంటీ, ఇంకో రెండు?” అన్నాడు. నోలీన్ ఇంకో రెండు కొట్టి పెనం మీద వేసింది. అవి కూడా పళ్ళెంలో పెట్టించుకుని అతను పెరట్లోకి వెళ్ళిపోయాడు.

“గది, తిండి, మాంసం, కారు రిపేరు,” అంది జాకీ. “క్లబ్బు మనుషుల నుంచి ఆటగాడికి ఏది ముట్టినా జీతం కిందే లెక్క, మెర్వ్. ఇవి కలపకముందు మీరు హద్దుకి ఎంత దూరంలో ఉన్నారు?”

మెర్వ్ బల్ల మీంచి చెయ్యి తీశాడు. “అంచు మీద.”

“అయితే దాటేశారు. ఇలాంటివాటికి నాలుగు పాయింట్లు కోస్తారు.”

రెండు పాయింట్ల మీద నిలిచిన ఎనిమిదో చోటు అతని కళ్ళ ముందే జారిపోయింది.

“నేను రాసింది హార్బర్ మీద కదా?”

“దాన్ని వేరేవాళ్ళు చూస్తున్నారు. పడవ ఆ కుర్రాడి తల్లి పేరు మీదుంది, తేలేసరికి ఏడాది పడుతుంది. నేను వచ్చింది ఇంకో ఉత్తరం మీద.”

“హార్బర్ వాళ్ళే రాసుంటారు, వెధవలు. అయినా మా ఇంట్లో సంగతి వాళ్ళకెలా తెలిసింది? ఎవడు మోశాడు?”

నోలీన్ పెనాన్ని తొట్టిలో పడేసి కుళాయి తిప్పింది.

జాకీ కాగితం మడత విప్పింది. “పేరు రాయలేదు. మీరేమో పన్నెండు గుడ్లన్నారు, ఇందులో పద్నాలుగని ఉంది. ఈ మోకాలితో నిలబడి రోజూ అన్ని వేయించడం ఇక తన వల్ల కాదట.”