ఎముకకి అతకని నరం

"ఆపరేషన్ చేసి మోకాల్లో వేసిన కొత్త నరం, అదే లిగమెంట్, ఎముకలోంచి ఊడిపోయింది," అంది డాక్టర్ ఆశాజ్యోతి స్కాన్ చూసి. "అది అతుక్కోడానికి నెలలు పడుతుంది. ఈలోగా కబడ్డీ ఎవరాడమన్నారు?"

"నొప్పి పోయింది కదండీ," అన్నాడు చందు. "ఆడొచ్చని మీరే అన్నారంట. బావ సెప్పినాడు."

డాక్టర్, చందు పక్కనే ఉన్న అతని బావ, జట్టు కెప్టెన్ అప్పలసూరి వైపు తిరిగింది. "నొప్పి పోయినా లోపల అతకలేదని మీకు చెప్పాను కదా."

అప్పలసూరి తల దించుకున్నాడు. "తగరపువలసోళ్ళతో ఫైనల్ కదరా. ఒక్క ఆటకి ఏటవద్దిలే అనుకున్నాను."

కోర్టులో రైడర్‌ని పట్టడానికి వాళ్ళిద్దరూ ఎప్పుడూ చేయీ చేయీ పట్టుకునే నిలబడేవారు. చందు లేవడానికి అప్పలసూరి ఆ చెయ్యే అందించాడు.

"నిజం సెప్పినా నీ కోసం ఆడేవోణ్ణి బావా," అన్నాడు చందు, గోడ పట్టుకుని లేస్తూ.