ముడుల తాడు

"ఆగక్కడే! మెట్లెక్కకు!"

జిగాంగ్ స్వామి గడప లోపలినుంచే అరిచాడు.

వచ్చినవాడు మెట్ల కింద ఆగిపోయాడు. ఒళ్ళంతా మట్టి, కంపు. చేతిలో ముడులు వేసిన గడ్డితాడు.

ఆ ఏడు కొర్యో దేశమంతా మహమ్మారి. ఏడాదిలో జరిగినవన్నీ గుడి పుస్తకంలో రాయడం జిగాంగ్ పని. తోకచుక్కనీ, వరదనీ, మంత్రిగారి చావునీ రాశాడు. పల్లెల్లో పోయినవాళ్ళ పేర్లు మాత్రం వీడే తెచ్చేవాడు, ముడికొక పేరు చొప్పున. పుస్తకంలోకి ఎక్కినవాళ్ళకే ఏడాది చివర ప్రార్థన.

"ఊఁ, కానీ. మొదటిరోజులా నీళ్ళు నమలకు."

తాడు తడుముతూ పదకొండు పేర్లు చెప్పాడు.

"ఇంకోటుంది సామీ. పైపల్లెలో ఆడపిల్ల పుట్టింది. అదీ రాయండి."

ఎన్నడూ లేనిది, వాడి మొహంలో నవ్వు.

"చచ్చినవాళ్ళతోనే నా చెయ్యి పడిపోతోంది. పుట్టినవాళ్ళు కూడానా? పోవయ్యా!"

పోయాడు. మళ్ళీ రాలేదు.

పీడ విరగడైందనుకున్నాడు జిగాంగ్.

ఏడాది ఆఖరిరోజు పొద్దున్నే ఒక పిల్లతల్లి వచ్చింది. వీపున చంటిది, చేతిలో అదే తాడు.

"ఈ చివరి ముడి ఆయనది స్వామీ. నేనే వేశాను."

"ఎవరూ, ఆ చావుకబుర్లవాడా?"

"అంత మాటనకండి! కన్నబిడ్డలే ముట్టుకోని శవాల్ని ఒక్కడే మోశాడు. అందరికీ గొయ్యి తవ్వింది ఆయనే. మా ఇంటి గుమ్మం ఎవరూ తొక్కనప్పుడు నాకింత గంజి పోసిందీ ఆయనే. లేకపోతే ఇది పుట్టేదా?"

జిగాంగ్ తల వంచుకుని కుంచె తీశాడు.

"పేరు?"

"మాకూ తెలీదు. అన్నా అనేవాళ్ళం. ఆయన పల్లెలో చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు."

"మరెట్లా రాయను తల్లీ?"

జిగాంగ్ కుంచె కింద పెట్టాడు. ఏడాది పొడుగునా అంతమంది పేర్లు అడిగాడు, ఎదురుగా నిలబడ్డవాడి పేరు అడగలేదు.

ఆమె కళ్ళొత్తుకుంది.

"అందరికన్నా ముందు పోయింది ఆయన ఇల్లాలూ, ఇద్దరు బిడ్డలేనట స్వామీ."

జిగాంగ్ గబగబా పుస్తకం వెనక్కి తిప్పాడు. వాడు వచ్చిన మొదటిరోజు. తాడుకి మూడే ముడులు. పెదవులు కదిలినా మాట రాలేదు వాడికి. "తొందరగా చెప్పి చావు" అని కసిరింది తనే.

ఆ పేజీలో తన చేతిరాతే ఉంది:

'సోక్సాన్ భార్య కాన్నాన్. సోక్సాన్ కొడుకు తోల్. సోక్సాన్ కూతురు సున్.'