తలుపు కంటే జానెడు ఎక్కువ

కారు మోసుకెళ్లే ట్రెయిలర్‌ని వెల్డర్ తన షెడ్డులోనే, చెమటోడ్చి సొంతంగా తయారుచేశాడు. ఇనుమంతా కొలిచినవాడు షెడ్డు తలుపు కొలవడం మరిచాడు. ట్రెయిలర్ ఆ తలుపు కంటే జానెడు ఎక్కువ వెడల్పు. భార్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. పొద్దున్నే దాన్ని కోసి ముక్కలు చెయ్యక తప్పదని అతను ఉసూరుమంటూ పడుకున్నాడు.

అర్ధరాత్రి చక్రాలు కిర్రుమన్నాయి. కిటికీలోంచి చూస్తే ట్రెయిలర్ వీధిలో ఉంది. షెడ్డుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి అతని దిండు కిందే ఉంది.

"ఏమేవ్, దాన్నెవరో బయట పెట్టారే," అన్నాడు, భార్యని కుదుపుతూ.

భార్య కళ్లు తెరవలేదు. "మంచిదేగా. మీరు పై గదిలో చేసి, గుమ్మం పట్టక వదిలేసిన బీరువా కూడా ఆ చేత్తోనే దింపమనండి."

వీధిలో ఎవరూ లేరు. కాసేపు చీమ చిటుక్కుమనలేదు.

తర్వాత పై గదిలో బీరువా మెల్లగా జరిగింది.